వరంగల్‌లో మంచి ఫిల్టర్ కాఫీ ఎక్కడ దొరుకుతుంది? మా నాన్న వస్తున్నారు

తెనాలి_పిల్ల_హన్మకొండలో:

మాది తెనాలి. పెళ్లయి హన్మకొండ వచ్చి మూడేళ్లవుతోంది. ఇన్నాళ్లూ ఇంట్లో కాఫీతోనే గడిపేశాను కాబట్టి బయట ఎక్కడ బాగుంటుందో నాకు నిజంగా తెలీదు. వచ్చేవారం మా నాన్న వస్తున్నారు, నాలుగు రోజులు ఉంటారు. రిటైరైన లెక్కల మాస్టారు, 71 ఏళ్లు, షుగర్ లేదు, బీపీ లేదు, ఉన్న రోగమల్లా కాఫీ ఒక్కటే.

ఆయనకో అలవాటుంది. ఏ ఊరెళ్లినా ముందు గుడి చూడాలి, ఆ తర్వాత ఆ ఊళ్లో పాత హోటల్ ఏదైతే అందులో కూర్చుని కాఫీ తాగాలి. గుడి సంగతి మర్చిపోతారేమో గానీ కాఫీ సంగతి పదేళ్ల తర్వాత కూడా చెప్తారు, కుంభకోణంలో గ్లాసు ఎంత వేడిగా ఉందో కూడా. పోయినసారి వచ్చినప్పుడు "ఫిల్టర్ కాఫీ" అని బోర్డు చూసి ఒక టిఫిన్ సెంటర్‌కి తీసుకెళ్లాను. అతను మరిగే పాలు గ్లాసులో పోసి, సీసాలోంచి ఇన్‌స్టంట్ పొడి ఒక చెంచా వేసి, నురగ రావడానికి రెండుసార్లు పైకెత్తి పోసి ఇచ్చాడు. నాన్న ఏమీ అనలేదు. రెండు గుక్కలు తాగి గ్లాసుని మెల్లిగా గోడవైపు జరిపారు. మా అమ్మ వంకాయ కూర మాడ్చిన రోజు కూడా కంచం అలాగే జరుపుతారు, కాబట్టి నాకు అర్థమైపోయింది.

సరే అని సాయంత్రం నక్కలగుట్ట వైపు కొత్త కెఫేకి తీసుకెళ్తే 180 రూపాయల కాపుచినో మీద ఆకు బొమ్మ వేసి ఇచ్చారు. "ఇది తాగాలా, చూడాలా అమ్మా?" అన్నారు.

ఈసారి పరువు నిలబెట్టుకోవాలి. వేయిస్తంభాల గుడి, భద్రకాళి, ఓరుగల్లు కోట, ఒకరోజు రామప్ప, ఇదీ మా ప్లాన్. వీటి దగ్గర్లో డికాషన్ వేసి ఇచ్చే పాత తరహా కాఫీ దొరుకుతుందా? డబరా గ్లాసు లేకపోయినా ఫర్వాలేదు, సీసాలోంచి చెంచాతో తీసేది మాత్రం వద్దు.

---

మండీబజార్_పోరడు:

అక్కా, ఏమనుకోకు గానీ చేపల మార్కెట్‌కి పోయి మల్లెపూలు అడిగినట్టుంది. ఇది చాయ్ ఊరు. మా ఇంటికి చుట్టం వస్తే "చాయ్ పెట్టు" అంటాం, కాఫీ అనే మాటే రాదు. మా అమ్మకి కాఫీ అంటే తలనొప్పికి వాడే మందు లాంటిది, అమృతాంజనం పక్కన పెట్టేది.

మీ వైపు మద్రాసు రాష్ట్రం కింద ఉండె కాబట్టి అరవ వాళ్ల కాఫీ మీకు అబ్బింది. మాది 1948 దాకా నిజాం రాజ్యం. హైదరాబాద్‌లో ఇరానీ వాళ్లు పెట్టిన హోటళ్ల రుచే మా దాకా వచ్చింది. అందులో కూడా డికాషన్ ఉంటుంది, మీ నాన్నగారికి చెప్పు. చాయ్ పత్తా నీళ్లు ఒక గిన్నెలో మూతపెట్టి గంటలకొద్దీ సన్నని సెగ మీద ఉంచుతారు, పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరుగుతుంటాయి, కప్పులో మాత్రమే రెండూ కలుస్తాయి. ఫిల్టర్ కాఫీ కూడా లెక్కకి అంతే కదా, ఇది వేరే అది వేరే చేసి చివర్లో కలపడం. గింజకి బదులు ఆకు, అంతే తేడా.

కాబట్టి నా మాట విను. సాయంత్రం మండీబజార్ తీసుకురా. బండి దూరంగా ఆపి నడిచి రండి, లోపల పార్కింగ్ అనే ముచ్చటే లేదు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. బిస్కెట్ ముంచి మూడు లెక్కపెట్టేలోపు తీయాలి, నాలుగుకి పోతే కప్పులో పడ్డట్టే. లెక్కల మాస్టారు కాబట్టి ఆయనకి కుదురుతుంది.

---

కాజీపేట_జంక్షన్:

తమ్ముడు సగం నిజం చెప్పాడు. మిగతా సగం కాజీపేటలో ఉంది.

మా నాన్న రైల్వేలో చేశారు. నేను పుట్టి పెరిగిందంతా క్వార్టర్లలోనే. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయ్యాక మద్రాసు నుంచి ఢిల్లీ పోయే బండ్లు ఇటు తిరిగాయి, ఆ బండ్లతో పాటే డ్రైవర్లు, గార్డులు, క్లర్కులు, వాళ్లతో పాటే వాళ్ల కాఫీ ఫిల్టర్లు కూడా దిగాయి. మా లైన్లో ఎడమవైపు ఇంట్లో పాలక్కాడ్ వాళ్లు, కుడివైపు రాజమండ్రి వాళ్లు. పొద్దున నాలుగున్నరకే వేయించిన పొడి వాసన వచ్చేది. నైట్ డ్యూటీ దిగేవాళ్లకి ఒక డికాషన్, మార్నింగ్ డ్యూటీ ఎక్కేవాళ్లకి ఇంకొకటి. మా ఇంట్లో ముందు చాయే. పక్కింటి మామి మా అమ్మకి గిన్నెలో డికాషన్ పంపి పంపి మమ్మల్ని మార్చేసింది, తర్వాత తర్వాత చక్కెర అప్పు అడిగినట్టే డికాషన్ అప్పు అడిగేవాళ్లం. కాబట్టి ఈ ఊళ్లో కాఫీ లేదనకండి, ఇళ్లల్లో ఉంది. హోటళ్లలో తక్కువ.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. హోటల్ పేరు చెప్తే రేపు వంటవాడు మారాడంటే నన్ను తిడతారు, పైగా ఇవన్నీ మనిషిని బట్టి, గంటని బట్టి మారే సరుకు. అందుకే పేరు కాకుండా ఎలా పట్టుకోవాలో చెప్తాను. అన్నిటికంటే ముందు టైము. ఫిల్టర్ కాఫీ పెట్టే టిఫిన్ హోటల్‌కి ఆరు, ఆరున్నర మధ్య వెళ్లాలి. అప్పుడే మొదటి డికాషన్ దిగుతుంది. ఎనిమిది దాటాక అదే పొడి మీద ఇంకోసారి నీళ్లు పోస్తారు, పదకొండుకి వెళ్తే పొద్దుటి డికాషన్‌నే మళ్లీ వేడి చేసి ఇస్తారు, అది నాలుక మీద గీరుకుంటుంది. సాయంత్రం నాలుగున్నరకి కొందరు కొత్తగా వేస్తారు, అందరూ కాదు.

ఇంకో గుర్తు, కూర్చునే ముందు కౌంటర్ వెనక్కి చూడండి. స్టీలు డ్రమ్ము లాంటి ఫిల్టరో, గుడ్డ సంచి వేలాడే గిన్నో ఉంటే కూర్చోండి. గుడ్డ నల్లగా ఉంటే భయపడొద్దు, అది కాఫీ రంగే, ఎంత ఉతికినా పోదు. గాజు సీసా, పొడవాటి చెంచా కనిపిస్తే దోశ తిని చాయ్ తాగి వచ్చేయండి. అడగడానికి మొహమాటం అయితే "డికాషన్ కొంచెం ఎక్కువ వేయండి" అనండి చాలు. ఉన్నవాడు ఎక్కువ వేస్తాడు, లేనివాడి మొహంలోనే తెలిసిపోతుంది.

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల సందుల్లో ఇలాంటివి రెండు మూడు ఉన్నాయి, నడుచుకుంటూ చూసుకోండి. పొద్దున్నే వేయిస్తంభాల గుడి చూసుకుని బయటికి వస్తే సరిగ్గా అదే టైమవుతుంది. గుడిలో కళ్యాణ మండపం 2006లో విప్పేసి ఏళ్ల తరబడి అలాగే పెట్టారు కదా, 2024లో మళ్లీ తెరిచారు. మీ నాన్నగారు అంతకుముందు వచ్చి ఉంటే ఈసారి తప్పకుండా చూపించండి.

కోట దగ్గర మాత్రం ఆశ పెట్టుకోవద్దు. కీర్తి తోరణాల దగ్గర కొబ్బరి బొండాలు, చాయ్ బండి, అంతే. రామప్పకి వెళ్లే రోజు ఫ్లాస్కులు పట్టుకెళ్లండి. గుర్తుపెట్టుకోండి, కలిపిన కాఫీ ఫ్లాస్కులో పోయొద్దు, గంటలో పచ్చి వాసన వస్తుంది. డికాషన్ ఒక చిన్న ఫ్లాస్కులో, మరిగిన పాలు ఇంకోదాంట్లో, చక్కెర పొట్లం విడిగా. పాలంపేట చెరువు గట్టు మీద కూర్చుని కలుపుకుంటే మీ నాన్నగారు కుంభకోణం పేరు ఎత్తరు.

---

హాస్టల్_మెస్_బాధితుడు:

కొత్త కెఫేల మీద అందరూ ఎందుకు పడతారో నాకర్థం కాదు. 180 ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ మేం ఎన్‌ఐటీ వాళ్లం ఒక కాఫీ కొని మూడు గంటలు కూర్చుని అసైన్‌మెంట్లు చేసుకుంటాం, ఏ టిఫిన్ హోటల్లో కూర్చోనిస్తారు చెప్పండి? రెండో నిమిషంలో బిల్లు పెట్టి, మూడో నిమిషంలో బల్ల తుడవడం మొదలుపెడతారు, మన మోచేతులు లేపించి మరీ.

ఇంకోటి. వీటిల్లో కొన్నిటికి అరకు గింజలే వస్తాయి. అరకు అరబికా రకం కాఫీకి 2019లో జీఐ (ఆ ప్రాంతానికే చెందిన సరుకని ఇచ్చే) గుర్తింపు కూడా వచ్చింది. అంకుల్‌కి కాపుచినో ఇప్పించడం మీ తప్పు. పాలు లేకుండా, కాగితం ఫిల్టర్‌లో నీళ్లు పోసి దించేది అడగండి, అది మీ డికాషన్‌కి పిన్ని కూతురే. చికోరీ (కాఫీ పొడిలో కలిపే వేరు పొడి) ఉండదు కాబట్టి పల్చగా, కాస్త పుల్లగా ఉంటుంది, ముందే చెప్పి ఇప్పించండి. లేకపోతే అదీ గోడవైపే జరుపుతారు.

---

కాజీపేట_జంక్షన్:

బాబూ, పాలు లేని కాఫీ 71 ఏళ్ల తెనాలి మాస్టారికి ఇప్పిస్తే ఆ అమ్మాయి పుట్టింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

---

పన్నెండేళ్లు_టిఫిన్_సెంటర్:

అందరూ తాగేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. అమ్మేవాడి మాట కూడా ఒకటి వినండి. నేను హన్మకొండలో పన్నెండేళ్లు టిఫిన్ సెంటర్ నడిపి మోకాళ్లు పోయి మానేశాను. ఫిల్టర్ కాఫీ మొదటి నాలుగేళ్లు పెట్టాను, తర్వాత తీసేశాను, సీసా పెట్టింది కూడా నేనే. తిట్టుకోండి.

కిలో పొడికి మంచిగా వేస్తే ఎనభై, తొంభై కప్పులు వస్తాయి. మాకు రోజుకి చాయ్‌లు నాలుగొందలు పోతే కాఫీలు ముప్పై దాటేవి కావు, అందులో ఇరవై కప్పులు పొద్దున ఏడులోపే, అదీ వాకింగ్ చేసొచ్చే పెద్దమనుషులు. చాయ్ సెగ మీద ఉంటే ఇంకా రంగు పట్టి పోతూనే ఉంటుంది. డికాషన్ అట్లా కాదు, రెండు గంటలు దాటితే వాసన పోయి చేదు మిగులుతుంది. పారబోస్తే నష్టం, పోస్తే పేరు పోతుంది. పైగా వేరే పాలు కావాలి. చాయ్ పాలల్లో నీళ్లు కలిస్తే ఎవడికీ తెలీదు, కాఫీలో తెలిసిపోతుంది. 2024లో రోబస్టా రకం గింజల రేటు బాగా పెరిగింది, అప్పటికి నేను షాపు మానేశాను కాబట్టి బతికిపోయాను. కప్పు మీద ఐదు రూపాయలు పెంచితే జనం పక్క షాపుకి పోతారు, ఇద్దరికి ఒక కాఫీ చెప్పి వన్ బై టూ చేయించుకుంటారు. గ్లాసులు రెండు కడగాలి, డబ్బులు ఒక్కదానికే.

ఇంకో సంగతి, పొడి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, చికోరీ 49 దాటకూడదు, ఎంతెంతో రాయాలి కూడా. అందుకే కొన్నింటి మీద సరిగ్గా 51–49 కనిపిస్తుంది, రూల్‌కి తల ఆనించి నిలబడ్డట్టు. చికోరీ విషమేం కాదు, వేరు వేయించి పొడి కొడతారు, దాంట్లో కెఫీన్ ఉండదు, రంగు, చిక్కదనం ఇస్తుంది. ఇంటికైతే 80–20 బాగుంటుంది. హోటల్‌కి 70–30 అయినా చెల్లుతుంది, పాలు ఎక్కువ పోస్తాం కాబట్టి. గింజలు వేయించి మీ కళ్ల ముందే పొడి కొట్టే షాపు దొరికితే పావుకిలో మించి కొనొద్దు, వారం పదిరోజుల్లో వాడేయాలి. పీబెర్రీ అని ఎక్కువ చెప్తారు. కాయలో రెండు పలుకులకి బదులు ఒకటే గుండ్రంగా కడితే దాన్ని అలా అంటారు, అన్నీ ఒకే సైజు కాబట్టి వేపుడు సమంగా వస్తుంది, అంతే గానీ అమృతమేం కాదు.

మాస్టారిని తీసుకెళ్లేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో తల్లీ. హోటల్లో కూర్చున్న మొదటి ఐదు మందిలో పంచె కట్టుకున్నవాళ్లు, చేతిలో పేపర్ ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే అక్కడ కాఫీ బాగుంటుంది. వాళ్లు చెడ్డ కాఫీకి రెండోరోజు రారు.

---

తెనాలి_పిల్ల_హన్మకొండలో:

నాన్న నిన్న రాత్రి బండికి వెళ్లారు. ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

మొదటిరోజు ఐదున్నరకే లేపేశారు. గుడికి వెళ్తే అప్పుడే నేల కడుగుతున్నారు, రాళ్లు తడిగా ఉన్నాయి. కళ్యాణ మండపంలో స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, లెక్కల మాస్టారు కదా. చిన్నవాటిని కలపాలా వద్దా అని ఆగి, నంది దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పి, "కాఫీ పడితే గానీ కుదరదు" అని బయటికి వచ్చేశారు. చౌరస్తా దగ్గర ఒక సందులో చిన్న హోటల్, ఆరు బల్లలు. పంచెలవాళ్లు ఇద్దరు, పేపర్ ఒకటి, దాన్నే ఇద్దరూ పంచుకుంటున్నారు. గుడ్డ సంచి వేలాడుతోంది. ఇది చాలనుకుని కూర్చున్నాం.

నాన్న గ్లాసు అంచుని బొటనవేలితో తాకి చూసి, వాసన చూసి, "మొదటి డికాషనేనా?" అని అడిగారు. వడ్డించే ఆయన నాన్న వయసే ఉంటుంది, "ఇప్పుడే దించిన సార్, ఇంకా సంచి కారుతుంది చూడండి" అన్నాడు. నిజంగానే కారుతోంది, చుక్క చుక్క కింద గిన్నెలో పడుతోంది. నాన్న మాట్లాడకుండా తాగారు. గ్లాసు ఖాళీ అయ్యాక బల్ల మధ్యలో పెట్టారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. "చికోరీ ఒక పిసరు ఎక్కువ, పాలు మంచివి" అన్నారు. ఆయన నోట అది ఫస్ట్ క్లాస్ కిందే లెక్క. మర్నాడు కూడా అక్కడికే, ఈసారి నన్ను లేపకుండా ఒక్కరే వెళ్లొచ్చారు.

రామప్పకి రెండు ఫ్లాస్కుల పద్ధతి బాగా కుదిరింది, జంక్షన్ అన్నకి థాంక్స్. గట్టు మీద గాలికి చక్కెర పొట్లం ఎగిరిపోయింది, చక్కెర లేకుండానే తాగాం. కుంభకోణం పేరు మాత్రం ఒకసారి వచ్చింది, అబద్ధం చెప్పను.

ఇప్పుడు అసలు సంగతి. మూడోరోజు సాయంత్రం మండీబజార్ వెళ్లాం. ఊరికే చూద్దామని. నాన్న జీవితంలో టీ తాగడం నేను చూడలేదు, జ్వరమొచ్చినా కాఫీయే. పక్కాయన సాసర్లో పోసుకుని ఊదుతుంటే కాసేపు చూసి, తనూ అలాగే పోసుకున్నారు. ఒక సాసర్ అయింది, రెండోది అయింది. ఇంకో చాయ్ చెప్పమన్నారు. బిస్కెట్ ఒకటి కప్పులో మునిగిపోయింది, నాలుగు దాకా లెక్కపెట్టారేమో. బయటికొచ్చాక అన్న మాట ఒక్కటే, "మీ అమ్మకి చెప్పకు." నాలుగోరోజు సాయంత్రం చెప్పులేసుకుని "అటు వెళ్దామా" అన్నారు. ఎటు అని నేను అడగలేదు.

వెళ్లేముందు వరంగల్ చౌరస్తా వైపు పాత్రల కొట్లో నాకొక ఇత్తడి ఫిల్టర్ కొనిపెట్టారు. ఇత్తడి పనికి పేరున్న పెంబర్తిలో చేసిందేనా అని అడిగితే ఆ కొట్టాయన నవ్వి "పెంబర్తి వాళ్లు దేవుళ్లకి చేస్తారమ్మా, కాఫీకి కాదు" అన్నాడు. ఇవాళ పొద్దున మొదటిసారి వేశాను. పోసిన నీళ్లు పోసినట్టే రెండు నిమిషాల్లో దిగిపోయాయి, అడుగున పొడి కూడా దిగింది. స్టీలు దాంట్లో ఎప్పుడూ ఇలా అవలేదు. ఏం చేయాలి?

---

కాజీపేట_జంక్షన్:

చిల్లులు పెద్దవి. ఉత్త వేడినీళ్లు పోసి చూడండి, ఎంత స్పీడుగా పోతున్నాయో తెలుస్తుంది. మెత్తటి పొడి ఈ చిల్లుల్లో నిలవదు, కాస్త రవ్వగా కొట్టించండి. పొడి వేశాక గొడుగులా ఉండే బిళ్ల పెట్టి, గట్టిగా కాకుండా ఒక్కసారి నొక్కి, ముందు రెండు చెంచాల నీళ్లే పోసి పొడిని తడవనివ్వండి, ఉబ్బుతుంది. నిమిషం ఆగి మిగతావి పోయండి. మొత్తం దిగడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పట్టాలి.

దానికంటే ముందు లోపల తెల్లగా ఉందా, పసుపుగా ఉందా చూడండి. పసుపుగా ఉంటే కళాయి, అంటే తగరం పూత, లేదని అర్థం, అలాగే వాడొద్దు, కాఫీకి పులుపు గుణం ఉంటుంది, ఇత్తడి చిలుము పడుతుంది.

---

తెనాలి_పిల్ల_హన్మకొండలో:

పసుపుగానే ఉంది. కళాయి వేసేవాళ్లు ఇక్కడ ఇంకా ఎవరైనా ఉన్నారా?

---

మండీబజార్_పోరడు:

మా గల్లీ చివర ఒక పెద్దాయన ఉన్నాడు అక్కా, బిర్యానీ దేగ్‌లకి వేస్తాడు, ఇంత చిన్నది తెస్తే నవ్వుతాడు గానీ వేస్తాడు. పొద్దుగూకక ముందు రా. ఇచ్చి ఒక చాయ్ తాగేలోపు అయిపోతది.